టీవీ రికార్డింగ్ సౌకర్యం తీసేశారు: జర్మనీలో ఒప్పందాన్ని గడువుకు ముందే రద్దు చేసుకోవచ్చా?

ప్రశ్న:

మిత్రులకు నమస్కారం. నేను జర్మనీ వచ్చి ఎనిమిది నెలలైంది. ఇంటర్నెట్ ద్వారా వచ్చే టీవీని 24 నెలల ఒప్పందం మీద తీసుకున్నాను. కార్యక్రమాలను రికార్డు చేసుకునే సౌకర్యాన్ని, అయిపోయిన ప్రసారాన్ని వెనక్కి వెళ్ళి చూసే సౌకర్యాన్ని వచ్చే నెల నుంచి తొలగిస్తున్నామని సంస్థ ఈమెయిల్ పంపింది. ఫోన్ చేస్తే గడువు ముగిసేదాకా కట్టాల్సిందేనన్నారు. బ్యాంకులో చెల్లింపు ఆపేయవచ్చా?

జవాబు:

నమస్కారమండీ. మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను: చెల్లింపును ఇప్పుడే ఆపవద్దు. లాస్ట్‌ష్రిఫ్ట్, అంటే మీ అనుమతితో సంస్థే నేరుగా మీ ఖాతా నుంచి తీసుకునే పద్ధతిలో, వెళ్ళిన డబ్బును 8 వారాల్లోగా వెనక్కి రప్పించుకోవచ్చన్నది నిజమే కానీ, అంతమాత్రాన ఒప్పందం రద్దు కాదు, బాకీ తీరదు. నేను వచ్చిన కొత్తలో కోపం కొద్దీ ఆ పనే చేశాను. రద్దు లేఖ పంపకుండా డబ్బు వెనక్కి తీసుకున్నందుకు వసూలు సంస్థ నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. న్యాయం నా వైపే ఉన్నా, నిరూపించడానికి చేతిలో ఒక్క కాగితమైనా లేక, అసలుతో పాటు వాళ్ళ ఖర్చులూ కట్టాను. మీకు ఆ అవస్థ రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

వాళ్ళు ఫోన్‌లో చెప్పిన మాటను చట్టం అనుకోకండి. జర్మన్ పౌర చట్టంలో 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 327-ఆర్ సెక్షన్ ప్రకారం, డిజిటల్ సేవలో చేసిన మార్పు వల్ల వినియోగదారుకు చెప్పుకోదగ్గ నష్టం కలిగితే, అతడు 30 రోజుల్లోగా ఏ ఖర్చూ లేకుండా ఒప్పందాన్ని ముగించవచ్చు. ఆ 30 రోజులు సమాచారం అందిన నాటి నుంచి మొదలవుతాయి. మార్పు ఆ తరువాత అమల్లోకి వస్తే, అమలైన నాటి నుంచి లెక్క. పాత సేవనే అదనపు రుసుము లేకుండా కొనసాగిస్తామని వాళ్ళు అంటే మాత్రం ఈ హక్కు ఉండదు. రికార్డింగ్ కావాలంటే ఖరీదైన ప్యాకేజీకి మారండి అంటే అది ఆ మినహాయింపు కిందికి రాదు. తెర మీద మెనూ మారడం చిన్న విషయం. మీకు పోతున్న రెండు సౌకర్యాలు చిన్నవని నేను అనుకోను.

మీ టీవీ ఇంటర్నెట్ కనెక్షన్‌తో కలిపి ఒకే ప్యాకేజీగా వచ్చి ఉంటే మీ స్థితి ఇంకా బలంగా ఉంటుంది. అప్పుడు టెలికాం చట్టంలోని 57వ సెక్షన్ వర్తిస్తుంది. సంస్థ ఒప్పందాన్ని ఏకపక్షంగా మారుస్తుంటే కనీసం ఒక నెల ముందు తెలియజేయాలి, ఆ సమాచారం అందినప్పటి నుంచి 3 నెలల్లోగా మీరు రద్దు చేసుకోవచ్చు.

ఇక అందరూ పొరబడే చోటు చెబుతాను. 2022 జూలై 1 నుంచి వెబ్‌సైటు ద్వారా ఇలాంటి ఒప్పందాలు అమ్మే ప్రతి సంస్థా అక్కడే రద్దు బటన్ కూడా పెట్టాలి. దాన్ని నొక్కగానే వచ్చే ఫారంలో మామూలు రద్దును ఎంచుకుంటే మీ ఒప్పందం 24 నెలలు పూర్తయ్యాకే ముగుస్తుంది. కాబట్టి ఆవుసర్ఓర్డెంట్‌లిష్, అంటే అసాధారణ రద్దు, అన్నదాన్ని ఎంచుకుని, ఏ తేదీన వచ్చిన ఈమెయిల్‌లో ఏయే సౌకర్యాలు తొలగిస్తున్నట్టు చెప్పారో కారణంగా రాయండి. చివర హిల్ఫ్స్‌వైజె, అంటే ప్రత్యామ్నాయంగా, అన్న మాటతో, ఈ కారణం చెల్లని పక్షంలో వీలైనంత త్వరగా సాధారణ రద్దుగా పరిగణించమని ఒక వాక్యం చేర్చండి. ఆ ఒక్క వాక్యం వల్ల ఏదో ఒక తేదీకి రద్దు ఖాయమవుతుంది. ఈమెయిల్‌లో పంపినా చెల్లుతుంది. పంపే ముందు వాళ్ళ ఈమెయిల్‌ను, ఆ సౌకర్యాలు రాసి ఉన్న పాత ఒప్పంద పత్రాన్ని పీడీఎఫ్‌గా దాచుకోండి. సంస్థ అద్దెకిచ్చిన సెట్-టాప్ బాక్స్ ఉంటే, దాన్ని తిరిగి పంపిన రసీదు పారేయకండి.

ఒప్పందం ముగిసిన తరువాతి కాలానికి ముందే కట్టిన డబ్బును వాళ్ళు తిరిగి ఇవ్వాలి. మొండికేస్తే మీ రాష్ట్రంలోని ఫెర్‌బ్రావుకర్‌ట్సెంట్రాలెకు, అంటే వినియోగదారుల సలహా కేంద్రానికి, వెళ్ళండి. కొద్దిపాటి రుసుముతో లేఖ చూసి సలహా ఇస్తారు. అన్నట్టు, ప్రతి ఇంటికీ నెలకు 18.36 యూరోల చొప్పున వచ్చే రుండ్‌ఫుంక్‌బైట్రాగ్, అంటే ప్రభుత్వ ప్రసార సంస్థల కోసం కట్టే రుసుము, వేరు. టీవీ రద్దు చేసినా అది కట్టాల్సిందే.

మళ్ళీ ప్రశ్న:

ధన్యవాదాలండీ. మీరు చెప్పినట్టే బటన్ ద్వారా పంపాను. రద్దు పూర్తి కావాలంటే ఫోన్ చేసి ధ్రువీకరించాలని ఈమెయిల్ వచ్చింది. చేయమంటారా?

జవాబు:

చేయవద్దు. బటన్ ద్వారా రద్దు అందిన వెంటనే, అది అందిన తేదీ, సమయం, ఒప్పందం ముగిసే రోజు రాతపూర్వకంగా మీకు తెలియజేయడం వాళ్ళ బాధ్యత. ఫోన్‌లో కొత్త ప్యాకేజీకి ఒప్పించే ప్రయత్నమే ఎక్కువగా జరుగుతుంది. రద్దు ఇప్పటికే పంపానని, ధ్రువీకరణను రాతపూర్వకంగా పంపమని రెండు వాక్యాల్లో ఈమెయిల్ రాసి, మీరు పంపిన రద్దు ప్రతిని దానికి జోడించండి.