పొద్దున గంట నడిచేవాడు ఆఫీసులో రోజంతా కూర్చుంటే తప్పా?

ఉదయం నడక: రోజూ పొద్దున్నే గంటసేపు వేగంగా నడుస్తాను, ఆదివారం కూడా మానను. ఆ తర్వాత రాత్రిదాకా కుర్చీలోనే. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మరి. ఈసారి హెల్త్ చెకప్‌లో ఫాస్టింగ్ షుగర్ హద్దు మీదుంది, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) హద్దు దాటాయి. "నడక సరే, మధ్యమధ్యలో లేస్తున్నారా?" అని డాక్టరమ్మ క్లాసు పీకింది. 2016లో వైద్య పత్రిక లాన్సెట్‌లో ఎకెలుండ్ బృందం పది లక్షల మందికి పైగా వివరాలు కలిపి చూసింది. రోజుకు 60 నుంచి 75 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేసేవాళ్లు ఎనిమిది గంటలకు మించి కూర్చున్నా, అకాల మరణం ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. నా బాకీ తీరిపోయినట్టే కదా?

ల్యాబ్ కోటు: ఆ పరిశోధన లెక్కపెట్టింది చావుల్నండీ. మీ రిపోర్టులో ఉన్నది షుగరూ కొవ్వూ. 2012లో ఆస్ట్రేలియాలో డన్‌స్టన్ బృందం బరువు ఎక్కువున్న 19 మందికి గ్లూకోజు కలిపిన పానీయం తాగించి గంటల తరబడి కూర్చోబెట్టింది. 20 నిమిషాలకోసారి లేపి రెండేసి నిమిషాలు మెల్లగా నడిపించిన రోజున, ఊరికే కూర్చున్న రోజుతో పోలిస్తే గ్లూకోజు పెరుగుదల దాదాపు నాలుగో వంతు తగ్గింది. కండరం పనిచేసేటప్పుడు ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే గ్లూకోజును లోపలికి లాక్కుంటుంది. తిన్నాక కుర్చీలో పడిపోతే ఆ పెద్ద కండరాలన్నీ పని మానేసినట్టే.

కొత్తపేట కుర్రాడు: పంతొమ్మిది మంది! అదీ ఒక్కో పూట ప్రయోగం! వ్యాయామం చేశాక ఇన్సులిన్ బాగా పనిచేయడం ఒక రోజు పైనే ఉంటుంది, అది వదిలేశారేం? లండన్ ప్రభుత్వోద్యోగుల్ని 16 ఏళ్లు గమనించిన వైట్‌హాల్ అధ్యయనం 2015లో ఏం చెప్పింది? కూర్చునే గంటలకీ మరణాలకీ సంబంధం దొరకలేదని. ఇక 1953లో పరిశోధకుడు మోరిస్ చెప్పిన లండన్ బస్సుల కథ అందరికీ తెలుసు: డబుల్ డెక్కర్ మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే కూర్చునే డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువ. తర్వాత ఆయన బృందమే యూనిఫాం ప్యాంట్ల కొలతలు తీస్తే, డ్రైవర్ల నడుము ఉద్యోగంలో చేరేనాటికే లావు. బొజ్జ ముందా, సీటు ముందా?

ల్యాబ్ కోటు: ప్యాంట్ల సంగతి నిజమే, ఒప్పుకుంటాను. కానీ వైట్‌హాల్ వాళ్లు రోజూ బాగా నడిచే జనం, ఆ నడకే కాపాడి ఉండొచ్చని పరిశోధకులే అన్నారు. పైగా మళ్లీ మీరు చావుల దగ్గరికే పోతున్నారు. ఈయన అడిగింది షుగర్ గురించి.

గుంట మగ్గం: మా బాపు పోచంపల్లిల నేత పని. పొద్దంతా కూసునే ఉంటడు. కానీ కాళ్లు తొక్కుతనే ఉంటయి, చెయ్యి ఆడుతనే ఉంటది. మీ ఏసీ రూముల కూసునుడూ అదీ ఒక్కటేనా? గంటలు లెక్కపెట్టేటోళ్లు ఇది జూస్తలేరు.

ల్యాబ్ కోటు: మంచి మాటన్నారు అన్నా. టాంజానియాలో హడ్జా వేటగాళ్లు కూడా రోజులో పది గంటల దాకా విశ్రాంతిగానే గడుపుతారని 2020లో తేలింది. కానీ అందులో కొంతసేపు గొంతుక్కూర్చుంటారు, కాళ్ల కండరాలు పనిలోనే ఉంటాయి. గుండె, షుగర్ జబ్బుల లక్షణాలు వాళ్లలో తక్కువ.

రాజమండ్రి రమణి: మా ఆఫీసులో నిలబడి పనిచేసే టేబుళ్లు తెప్పించారు, ఫొటోలు కూడా దిగారు. నిలబడితే ఖర్చయ్యేది కూర్చున్నదానికన్నా గంటకు తొమ్మిది క్యాలరీలు ఎక్కువ, అంతే! చీరల షాపుల్లో పొద్దుటినుంచి నిలబడే అమ్మాయిల కాళ్లలో ఉబ్బిన నరాలు చూశారా? కదలాలి గానీ నిలబడితే ఏం లాభం? ఇంకోటి. గంట నడక దొరికేవాళ్లు ఎంతమంది? పొద్దున టిఫిను, క్యారేజీలు, పిల్లల స్కూలు బస్సు అయ్యాక నాకు మిగిలేది ఆఫీసుకు పరుగే. మాలాంటివాళ్లకు మధ్యాహ్నం తిన్నాక పది నిమిషాలు తిరగడమే కుదిరేది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే, హద్దు మీదున్నవాళ్లు 13 కోట్ల పైన. వాళ్లంతా పార్కుల్లో నడుస్తున్నారా?

కొత్తపేట కుర్రాడు: అక్కా, మీ మాట సరే. కానీ 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాయామానికి అంకె ఇచ్చింది, వారానికి 150 నుంచి 300 నిమిషాలు. కూర్చోవడానికి మాత్రం "తగ్గించండి" అని ఊరుకుంది, ఇన్ని గంటలని చెప్పలేదు. చెప్పేంత ఆధారం లేకే కదా!

ల్యాబ్ కోటు: అంకె లేనంత మాత్రాన నష్టం లేదని కాదు. ఉదయం నడక గారూ, నడుము కొలత చెప్పలేదేం? మనవాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. రాత్రి ఎన్నింటికి తింటారు, పళ్లెంలో అన్నం ఎంత? ట్రైగ్లిజరైడ్లు పెరగడానికి కుర్చీ ఒక్కటే కారణం కాకపోవచ్చు.

ఉదయం నడక: మీటింగుల మధ్య లేస్తాను, తిన్నాక తిరుగుతాను, ఒప్పుకున్నా. అన్నం జోలికి మాత్రం రాకండి సార్, దానికి వేరే చర్చ పెట్టుకుందాం.