డౌట్‌కీ సస్పెక్ట్‌కీ తేడా ఏంటి? నా మెయిల్ అర్థం తలకిందులైంది

రాత్రిషిఫ్ట్_హైదరాబాద్:
నేను సపోర్ట్ టీంలో పనిచేస్తాను, క్లయింట్ అమెరికాలో ఉంటారు. సోమవారం రాత్రి ఒక ఫోల్డర్‌లో ఫైళ్లు మాయమయ్యాయి. లాగ్ (ఏ టైముకి ఏం జరిగిందో సిస్టమ్ రాసుకునే ఫైలు) తీసి చూస్తే, సరిగ్గా ఆ టైముకే నడిచిన క్లీనప్ స్క్రిప్ట్ (అక్కర్లేని ఫైళ్లు తీసేసే చిన్న ప్రోగ్రాం) తీసేసిందేమో అనిపించింది. వెంటనే "ఐ డౌట్ ద క్లీనప్ స్క్రిప్ట్ డిలీటెడ్ ద ఫైల్స్" అని మెయిల్ పెట్టాను, అంటే స్క్రిప్ట్ మీదే నా అనుమానం అని. అక్కడి మేనేజర్ "సరే, అయితే దాన్ని వదిలేసి మిగతావి చూడండి" అని రాసింది. ఎవరూ స్క్రిప్ట్‌ని ఆపలేదు. మంగళవారం రాత్రి అది మళ్లీ నడిచి ఇంకో ఫోల్డర్ ఖాళీ చేసింది. కాల్‌లో "స్క్రిప్ట్ కాదని నువ్వే కదా చెప్పావు" అంటే నోట మాట రాలేదు. నేను కాదని ఎక్కడన్నాను, అదే అన్నాను కదా! టెన్షన్‌తో పొద్దున దాకా నిద్ర లేదు. డిక్షనరీలో రెండు మాటలకీ అనుమానం అనే ఉంది. నా తప్పెక్కడో ఎవరైనా వివరంగా చెప్పండి.

ఇంగ్లిష్_టీచర్_గుంటూరు:
బాబూ, నీ వాక్యంలో గ్రామర్ తప్పు లేదు, కానీ అర్థం సరిగ్గా ఎదురుగా పోయింది. "ఐ డౌట్" అని మొదలుపెట్టి ఏదైనా చెబితే "అది జరిగిందని నేను నమ్మను" అని. "ఐ సస్పెక్ట్" అంటే "అదే జరిగిందని నాకనిపిస్తోంది" అని. ఒకటి కాదు వైపు, ఒకటి అవును వైపు.

మనకి రెండింటికీ డౌటే కాబట్టి ఇది పట్టుబడదు. అయితే తెలుగులో కూడా మనం తేడా చూపిస్తాం, మాటలో కాదు, వాక్యం కట్టే తీరులో. వంటింట్లో పాలగిన్నె ఖాళీగా ఉంది, పిల్లి మూతికి మీగడ అంటుకుని ఉంది, "పిల్లి తాగేసిందేమోనని డౌట్" అంటాం. ఇది సస్పెక్ట్. గిన్నెలో రెండు లీటర్లు ఉండేవనుకో, "అన్ని పాలూ పిల్లి ఒక్కటే తాగిందంటే డౌటే" అంటాం. ఇది డౌట్. పిల్లి అదే, పాలు అవే. "ఏమోనని" వస్తే సస్పెక్ట్, "అంటే డౌటే", "వస్తాడో రాడో డౌటే" లాంటివి వస్తే డౌట్. మెయిల్ రాసే ముందు తెలుగులో ఒకసారి అనుకుని చూడు, తొంభై పాళ్లు అక్కడే తేలిపోతుంది.

ఒక చిక్కు మాత్రం ఉంది. "ఐ సస్పెక్ట్ హిజ్ మోటివ్స్" అంటే అతని ఉద్దేశాల మీద నమ్మకం లేదని, అక్కడ డౌట్‌కి దగ్గరగా వచ్చేస్తుంది. మనిషినే అంటే మళ్లీ వేరు: "ఐ డౌట్ హిమ్" అంటే అతని మాట నమ్మను, "ఐ సస్పెక్ట్ హిమ్" అంటే ఆ పని చేసింది అతనే అనుకుంటున్నాను.

తర్కం_చదివినవాడు:
టీచర్ గారు చెప్పినదానికి ఇంకొక్కటి. మన న్యాయశాస్త్రంలో, అంటే కోర్టు చట్టం కాదు, పాత భారతీయ తర్కశాస్త్రంలో, ఈ రెండూ వేరువేరుగానే ఉన్నాయి. మసక చీకట్లో దూరంగా ఏదో నిలబడి ఉంది, మోడా, మనిషా? అది సంశయం. కొండ మీద పొగ కనిపించింది, కాబట్టి అక్కడ నిప్పుంది. అది అనుమానం, అంటే గుర్తును బట్టి ఒక నిర్ణయానికి రావడం. ఇంగ్లిష్ డౌట్ లాటిన్ దుబితారే నుంచి వచ్చింది, దాని మూలంలో "రెండు" అనే సంఖ్య ఉంది. రెండు వైపులా ఊగడం, అచ్చం మోడూ మనిషీ లాగే. వాడుక తెలుగులో మాత్రం అనుమానం, సంశయం, సందేహం అన్నీ కలగలిసిపోయి, చివరికి అన్నిటి మీదా డౌట్ వచ్చి కూర్చుంది. తమ్ముడూ, నీ లాగ్ ఫైలు కొండ మీది పొగ. నువ్వు చేసింది అనుమానం, రాసింది సంశయం.

గ్లాస్గో_తెలుగు:
ఇక్కడ స్కాట్లాండ్‌లో వింటే ఆశ్చర్యపోతారు. మా పక్కింటి పెద్దావిడ కిటికీలోంచి మబ్బు చూసి "ఐ డౌట్ ఇట్'ల్ రెయిన్" అంది. వాన రాదన్నమాట అని గొడుగు లేకుండా వెళ్లి నిలువునా తడిశాను. ఇక్కడి వాడుకలో దానర్థం వాన వచ్చేలా ఉందని! పాత ఇంగ్లిష్‌లోనూ ఇది ఉండేది, హామ్లెట్ నాటకం మొదటి అంకంలో హామ్లెట్ "ఐ డౌట్ సమ్ ఫౌల్ ప్లే" అంటాడు, ఏదో కుట్ర జరిగిందని అనుమానిస్తున్నానని. కాబట్టి మీకు తోచిన అర్థం ఆ మాటకు బొత్తిగా కొత్తది కాదు, కానీ అమెరికా ఆఫీసులో చెల్లదు.

ఎమ్మెస్_డల్లాస్:
"సార్, ఒక డౌట్" అనేది కూడా ఇక్కడ జాగ్రత్త అన్నా. మన స్కూళ్లలో డౌట్ అంటే ప్రశ్న, సందేహం అడగడం అనే అర్థంలోంచి వచ్చింది. ఇక్కడ మొదటి సెమిస్టర్‌లో "ఐ హావ్ ఎ డౌట్" అంటే ప్రొఫెసర్ బోర్డు వైపు తిరిగి "ఇందులో ఏది తప్పనిపించింది నీకు" అని అడిగాడు. క్వశ్చన్ అనాలి. స్పానిష్ వాళ్లు కూడా మనలాగే ప్రశ్నకి దూదా అంటారు, అదీ ఆ లాటిన్ మూలం నుంచే, నా రూమ్మేట్‌కీ ఇదే ఇబ్బంది వచ్చింది.

రాత్రిషిఫ్ట్_హైదరాబాద్:
అందరికీ థ్యాంక్స్. పిల్లి, పాలు బుర్రలో ఉండిపోయాయి టీచర్ గారూ. ఇందాకే మళ్లీ రాశాను, "ఐ సస్పెక్ట్ ద క్లీనప్ స్క్రిప్ట్" అని, దాని కింద లాగ్‌లో ఫైళ్లు పోయిన లైను కాపీ చేసి పెట్టి, ఈ రాత్రికి స్క్రిప్ట్ ఆపమని అడిగాను. పది నిమిషాల్లో ఆపేశారు.