సంపులో క్లోరిన్ డయాక్సైడ్ బిళ్ళలు వేశారు, ఆ నీళ్ళు తాగొచ్చా? (కర్నూలు, కల్లూరు వైపు వాళ్ళు చెప్పండి)

కల్లూరు మూడో అంతస్తు
మొన్నటి వానల నుంచి మా అపార్ట్‌మెంట్ సంపు నీళ్ళు వాసన వస్తున్నాయి. మూడు ఇళ్ళలో పిల్లలకి వాంతులు, విరేచనాలు. మా సెక్రటరీగారు ఆన్‌లైన్‌లో క్లోరిన్ డయాక్సైడ్ బిళ్ళలు తెప్పించి, నిన్న సాయంత్రం 30 బిళ్ళలు సంపులో వేయించారు. సంపు 20,000 లీటర్లది. ఇక ధైర్యంగా తాగండని గ్రూప్‌లో పెట్టారు. మాకు ఐదేళ్ళ పాప ఉంది. తాగించవచ్చా? వాసన మాత్రం అట్లే ఉంది.

కెమిస్ట్రీ సార్
అమ్మా, ముందు ప్యాకెట్ వెనక చదవండి. ఒక బిళ్ళ ఎన్ని లీటర్లకో అక్కడే ఉంటుంది. ట్రెక్కింగ్ వాళ్ళు వాడే రకాల్లో చాలావాటికి లీటరుకి ఒక బిళ్ళ. మీదీ అదే రకమైతే 20,000 లీటర్లకి 20,000 బిళ్ళలు కావాలి. 30 వేస్తే ఆ సంపులో ఏమీ వేయనట్టే లెక్క. నాకు భయం బిళ్ళ గురించి కాదు, ధైర్యంగా తాగండి అన్న మాట గురించి.

హంద్రీ గట్టు
ఎన్ని వేస్తే ఏముంది సార్? క్లోరిన్ అంటేనే క్యాన్సర్. పొయ్యి మీద కాచుకోండి, అయిపోతుంది. మన పెద్దవాళ్ళు ఏ బిళ్ళలు వేసుకున్నారు?

కెమిస్ట్రీ సార్
క్లోరిన్ వేరు, క్లోరిన్ డయాక్సైడ్ వేరు. నీళ్ళలో కుళ్ళిన ఆకు, మట్టి ఉన్నప్పుడు క్లోరిన్ వేస్తే ట్రైహాలోమీథేన్లు పుడతాయి. మీరు భయపడేది వాటికే. క్లోరిన్ డయాక్సైడ్‌తో అవి దాదాపు పుట్టవు. అమెరికాలో నయాగరా ఫాల్స్ ఊరి నీళ్ళకి 1944లోనే దీన్ని వాడారు. అట్లని ఎంతైనా వేయొచ్చని కాదు. ఇది విరిగి క్లోరైట్ అనే పదార్థం నీళ్ళలో మిగులుతుంది. తాగే నీళ్ళలో క్లోరైట్ లీటరుకి 0.7 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పసిపిల్లలు, గర్భిణులు, జి6పిడి లోపం (ఎర్ర రక్తకణాలు తేలిగ్గా విరిగిపోయే పుట్టు లోపం) ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎక్కువైతే రక్తం మీద దెబ్బ.

హంద్రీ గట్టు
పేరులో క్లోరిన్ ఉందా లేదా? దానికి జవాబు చెప్పండి.

కెమిస్ట్రీ సార్
ఉప్పు పేరులోనూ క్లోరిన్ ఉంది. సోడియం క్లోరైడ్. రోజూ పప్పులో వేసుకుంటున్నాం కదా.

బి క్యాంపు
బ్లీచింగ్ వేసుకోండి. బిళ్ళల ఖర్చు ఎందుకు?

ఓర్వకల్లు రోడ్డు
మా బావ ఈ క్లోరిన్ డయాక్సైడ్ చుక్కలే రోజూ తాగుతాడు, షుగర్ తగ్గుతుందట. మీరు నీళ్ళలో వేసుకోవడానికే భయపడుతున్నారు.

కెమిస్ట్రీ సార్
దయచేసి ఈ రోజే మాన్పించండి. అది షుగర్ మందు కాదు, ఏ జబ్బుకీ మందు కాదు. ఆ చుక్కలు తాగొద్దని అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2010లో ఒకసారి, 2019లో మళ్ళీ హెచ్చరించింది. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒళ్ళు నీరసించి ప్రాణం మీదకి వస్తుంది. బిందె నీళ్ళని శుభ్రం చేసే మోతాదు వేరు, మందనుకుని చుక్కలు తాగడం వేరు.

వరద ఏడాది వలంటీర్
2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డాయి. తర్వాత పది రోజులు బురద వీధుల్లో తిరిగి నీళ్ళ బిళ్ళలు పంచాను. అవి మామూలు క్లోరిన్ బిళ్ళలు. ఒక అవ్వకి పది బిళ్ళలిచ్చి, బిందెకి ఒకటి వేసుకోవ్వా అని చెప్పి వచ్చాను. మర్నాడు పోతే ఆమె మనవడు స్టీలు గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు, నోటి చుట్టూ ఎర్రగా పొక్కింది. జ్వరం మాత్ర అనుకుని అవ్వే చప్పరించమని ఇచ్చిందట. జ్వరం మాత్రల లాంటి రేకులోనే ఉంటాయి కదా. అప్పటి నుంచి ఎవరికిచ్చినా మాత్ర అనే మాట వాడను. వాళ్ళ ముందే బిందెలో వేసి చూపించి, మిగిలినవి పిల్లలకి అందని అటక మీద పెట్టిస్తాను.

అక్కా, మీ ఇంట్లోకీ ఆ ప్యాకెట్లు ఇచ్చారా? ఇచ్చుంటే తడిచేత్తో రేకు విప్పొద్దు. నలగ్గొట్టొద్దు. నిమ్మకాయ, వెనిగర్, బ్లీచింగ్ ఏదీ దాంతో కలపొద్దు, పచ్చని గ్యాస్ లేస్తుంది, కళ్ళూ ఊపిరితిత్తులూ మండుతాయి.

కల్లూరు మూడో అంతస్తు
ఇచ్చారన్నా, ఇంటికి రెండు రేకులు. ఇప్పుడే వంటింటి కిటికీలో నుంచి తీసి బీరువాలో పెట్టాను. కెమిస్ట్రీ సార్, ప్యాకెట్ చూశాను. ఒక బిళ్ళకి 1 లీటరు అనే ఉంది. 30 నిమిషాలు ఆగాలని ఒకచోట, 4 గంటలని ఒకచోట ఉంది. ఏది నమ్మాలి?

కెమిస్ట్రీ సార్
రెండూ నిజమే. బ్యాక్టీరియా, వైరస్‌లకి అరగంట చాలు. క్రిప్టోస్పోరిడియం అనే మొండి పరాన్నజీవి చావడానికి 4 గంటలు. మామూలు క్లోరిన్‌కి అది లొంగదు, ఈ బిళ్ళకి ఉన్న పెద్ద లాభం అదే. నీళ్ళు మసకగా ఉంటే ముందు తేరనిచ్చి, నాలుగు మడతల గుడ్డలో వడకట్టండి. లేకపోతే మందంతా బురదకే ఖర్చయిపోతుంది. వేశాక మూత పెట్టి నీడన ఉంచండి, ఎండకి మందు విరిగిపోతుంది. ఇంకో మాట. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్, ఉప్పు ఉంటే ఈ బిళ్ళ వాటిని తీయలేదు. కాచినా పోవు.

హంద్రీ గట్టు
గంట నుంచి చూస్తున్నాను, అరగంటా నాలుగు గంటలా అని లెక్కలేసుకుంటున్నారు. సంపులోకి మురికి ఎట్లా వచ్చిందని ఒక్కరైనా అడిగారా? అడగరు. బిళ్ళ వేస్తే అడిగే పని ఉండదు కదా!

బి క్యాంపు
అన్నా, ఎందుకంత కోపం? అక్క అడిగింది ఒకటి, మీరు చెప్పేది ఒకటి.

హంద్రీ గట్టు
నేనూ ఆ అపార్ట్‌మెంట్‌లోనే ఉంటాను కాబట్టి. కింద ఇల్లు మాదే. సంపుకీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్య నాలుగడుగులే దూరం. రెండేళ్ళ కిందట మీటింగులో గోడ చెమ్మ చూపించాను, సంపు ఖాళీ చేసి లోపల ప్లాస్టరింగ్ చేయిద్దామన్నాను. ఖర్చు అన్నారు. అదే నెలలో గేటుకి ఆర్చి కట్టి లైట్లు పెట్టారు. ఇప్పుడు మా అమ్మకి నాలుగు రోజులుగా విరేచనాలు, లేచి నిలబడలేకపోతోంది. నేను ఊరికే మొండికేస్తున్నానని మీకు అనిపిస్తోంది.

కల్లూరు మూడో అంతస్తు
మీరు 102 ఫ్లాట్ అన్నేనా? అమ్మకి అట్లా ఉందని నాకు తెలియదు. ఆ మీటింగులో ఆర్చికి చెయ్యెత్తినవాళ్ళలో మా ఆయనా ఉన్నాడు. తప్పే. ఇప్పుడు ఏం చేద్దాం?

కెమిస్ట్రీ సార్
102 గారూ, మీరు చెప్పిందే అసలు సంగతి. పేరులో క్లోరిన్ దగ్గరే మీతో వాదిస్తూ కూర్చున్నాను. ముందు అమ్మగారికి ఓఆర్ఎస్ పట్టిస్తూ ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, రేపటిదాకా ఆగొద్దు. ఈ రాత్రి అందరూ తాగడానికి సంపు నీళ్ళు వద్దు. క్యాన్ తెప్పించుకోండి. దొరకకపోతే నీళ్ళు తెర్లకాగిన తర్వాత ఇంకో నిమిషం మరగనిచ్చి, మూత పెట్టి చల్లార్చి తాగండి. కాచిన బిందెలో చెయ్యి పెట్టొద్దు, చెంబు ముంచొద్దు. సంపు సంగతికొస్తే, పగులు ఉన్నన్నాళ్ళూ బిళ్ళ వేసినా బ్లీచింగ్ వేసినా మురికి వస్తూనే ఉంటుంది. పగులు మూసి, కడిగి, నింపాక మంచి బ్లీచింగ్ 1,000 లీటర్లకి రెండున్నర గ్రాములు, అంటే మీ సంపుకి 50 గ్రాములు. అరగంట తర్వాత క్లోరిన్ చూసే కిట్‌తో చూస్తే లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా క్లోరిన్ మిగలాలి. పగులు చూడ్డానికి సంపు మూత తీసి పెట్టండి గానీ, లోపల విషవాయువు ఉండొచ్చు, మనిషిని మాత్రం వెంటనే లోపలికి దింపొద్దు.

హంద్రీ గట్టు
అమ్మని తీసుకుని బయల్దేరుతున్నా. బ్లీచింగ్‌కి నేను ఒప్పుకోను, అది తర్వాత మాట్లాడుకుందాం.

కల్లూరు మూడో అంతస్తు (మర్నాడు)
102 అమ్మకి సెలైన్ ఎక్కించారు, కాస్త తేరుకున్నారు. సంపు నీళ్ళు సగానికి తోడించాం. పైనుంచే టార్చి వేసి చూశాను. సెప్టిక్ ట్యాంకు వైపు గోడకి మూరెడు పొడవున నల్లటి చార. చివర చీపురు కట్టిన కర్రతో దాన్ని తుడిచి, రెండు గంటలయ్యాక మళ్ళీ చూశాం. అదే చోట తడి ఊరుతోంది. ఫోటో గ్రూప్‌లో పెట్టాను. సెక్రటరీగారు చూశారు, ఇంకా ఏమీ రాయలేదు. మేస్త్రీ ఆదివారం పదికి వస్తానన్నాడు. డబ్బు మాట అప్పుడే తేల్చుకుంటాం, 102 అన్నా కూడా ఉండాలి.