అర్జెంటీనా ర్యాపర్ వోస్‌లా 4×4లో (ఇద్దరు వంతులవారీగా నాలుగేసి లైన్లు అప్పటికప్పుడు అల్లే ర్యాప్ పోటీలో) వెంటనే అందుకోవాలంటే ఏం సాధన చేయాలి?

చరణం_లేదు:
2018 రెడ్‌బుల్ ఫ్రీస్టైల్ ర్యాప్ అంతర్జాతీయ ఫైనల్ (బ్యూనస్ ఎయిర్స్) మళ్లీ చూస్తున్నా. అప్పట్లో పోటీ పేరే స్పానిష్‌లో కోడిపందెం! 20 ఏళ్ల వోస్, ముందటేడు కప్పు కొట్టిన మెక్సికో అక్సినోని పడగొట్టాడు. ఎదుటివాడు ఆపీ ఆపగానే అందుకుంటాడు. తెలుగులో చేసేవాళ్లు చాలామంది 4×4లో మూడో లైన్‌కే ఖాళీ అవుతారు. తేడా ఎక్కడుంది?

బీట్_బావ:
లెక్క చూడండి. 90 బీపీఎం (నిమిషానికి 90 దెబ్బలు) బీట్ మీద నాలుగు బార్లంటే (బార్‌కి నాలుగు దెబ్బలు, ఒక లైన్) 16 దెబ్బలు, దాదాపు 10.7 సెకన్లు. అవతలివాడు పాడుతున్నంతసేపూ మీకున్న టైమూ అంతే. మొదటి లైన్ నుంచి వరసగా ఆలోచిస్తే మూడో లైన్‌కి సరుకు ఉండదు. తిరగేయాలి: వాడు రెండో లైన్‌లో ఉండగానే ఒక మాట పట్టుకుని, మీ నాలుగో లైన్, ముఖ్యంగా దాని చివరి పదం, ఖాయం చేసుకోండి. రెండు, మూడు లైన్లు ఆ ప్రాసకి మెట్లు. మొదటిది మాత్రం ఖాళీగా ఉంచాలి. ఎందుకంటే వాడి గట్టి దెబ్బ నాలుగో లైన్‌లోనే పడుతుంది. దానికి జవాబు లేకపోతే ఇంట్లో రాసుకొచ్చాడని జడ్జీలు ఇట్టే పట్టేస్తారు.

ఊపిరి రెండో బార్ చివర తీసుకోండి. మూడో బార్ దాకా లాగితే అసలు పంచ్ గొంతులోనే చస్తుంది.

యతి_తప్పినోడు:
ఇవన్నీ సరే గానీ, తెలుగులో అసలు రోగం ప్రాస. మన వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి "వణుకుతున్నావు, తడబడుతున్నావు" అని ఊరికే కలిసిపోతాయి. అది ప్రాస కాదు, ప్రత్యయం. నాలుగు లైన్లూ అలాగే నడిస్తే జనం ఆవులిస్తారు. క్రియని ముందుకి జరిపి నామవాచకంతో ముగించండి:
"వణుకుతోంది నీ చేతిలో మైకు
నడిరోడ్డున ఆగిపోయిన బైకు"
రెండో అక్షరం ప్రాస మన చెవికి పుట్టుకతో అలవాటు, దాన్నీ వాడుకోండి: "కత్తి అన్నావు, సుత్తి కొట్టావు". ఒక్క లైన్‌లోనే రెండు దెబ్బలు.

దత్తపది:
2017లో స్పెయిన్‌లో మొదలైన ఎఫ్ఎమ్ఎస్ ఫ్రీస్టైల్ ర్యాప్ లీగ్‌లో ఈజీ మోడ్‌కి 10 సెకన్లకో పదం, హార్డ్ మోడ్‌కి 5 సెకన్లకో పదం ఇచ్చేవారు. అచ్చం మన అవధానంలో దత్తపదే (ఇచ్చిన పదాలు ఇరికించి పద్యం చెప్పడం), చేతిలో గడియారం అదనం. చీటీల మీద 20 పదాలు రాసి డబ్బాలో వేయండి. మొదట నాలుగు బార్లకో చీటీ, తడబాటు తగ్గాక రెండు బార్లకి (5.3 సెకన్లు). రికార్డ్ చేసి "అరే", "చూడు", "బ్రో" ఎన్నిసార్లు పడ్డాయో లెక్కపెట్టండి. చాలామంది ఇచ్చిన పదాన్ని లైన్ మొదట్లోనే పారేసి చేతులు దులుపుకుంటారు. అది లైన్ చివర, ప్రాస మీద పడితేనే దానికి విలువ.

చరణం_లేదు:
అవధానికి ఆవృత్తికో పాదమే కదా, మధ్యలో ఆలోచించే వీలుంటుంది. పైగా పృచ్ఛకుడు తిట్టడు.

దత్తపది:
నిజమే, అందుకే అది సగం సాధనే. మిగతా సగం బీట్ లేకుండా, ఎదురుగా మనిషిని నిలబెట్టి చేయాలి. వోస్ ఎదిగిన బ్యూనస్ ఎయిర్స్ పోటీ ఎల్ కింతో ఎస్కలోన్ (2017లో ఆగిపోయింది) అలాంటిదే: పార్కులో గుంపు, చాలావరకు బీటే ఉండేది కాదు. తాళం నోట్లోనే ఉండాలి. పాదంతో నేల తట్టుకుంటూ మొదలుపెట్టండి, అవతలివాడికి మధ్యలో అరిచే స్వేచ్ఛ ఇవ్వండి.