రైతు చావకపోతే కథ కాదా?

ప్రశ్న: వరంగల్ ఎనుమాముల మార్కెట్ నేపథ్యంగా రాసిన కథ మొన్న ఇక్కడే పెట్టాను. రైతు చపాటా మిర్చి బస్తాలు దించి, ధర నచ్చక పొద్దుగూకేదాకా కూర్చుంటాడు. ఆఖరికి చాయ్ తాగి ఇంటికి పోతాడు. ముగ్గురు దోస్తులు చదివి, ముగ్గురూ ఒకటే మాట: "మందు ఎప్పుడు తాగుతాడు?" వరంగల్ రైతు అనగానే చావు కోసం ఎదురుచూస్తున్నారు. ముగింపు మార్చాలా?

జవాబు: మార్చకండి. కానీ మొదటి పేజీలోనే తలుపు వెనక పురుగుల మందు డబ్బా చూపించింది మీరే కదా! మళ్లీ దాని ఊసే లేదు. నేనూ చివరిదాకా దాని కోసమే చూశాను.

ఇంకో జవాబు: నా పేచీ ముగింపుతో కాదు. చపాటా బస్తా విప్పగానే ఘాటుకు కళ్లు మండాయన్నారు. అక్కడే ఆగిపోయాను. 2025లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు పంట అనే గుర్తింపు) వచ్చిన కాయ అది, రంగు ఎక్కువ, కారం తక్కువ. మా అమ్మ పచ్చళ్లకు అదే వాడుతుంది. ఈ కథ ఆమెకు ఇస్తే రెండో పేరా దాటదు. ఘాటే కావాలంటే తేజ రకం మిర్చి పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: తప్పే, తేజ చేస్తా. డబ్బా మాత్రం పత్తికి కొట్టగా మిగిలిందండీ. మా ఇంట్లో తలుపు వెనక ఎప్పుడూ ఉండేదే. తీసేయాలంటే చెయ్యి రావట్లేదు.