నెల్లిమర్ల మిల్లుకు వచ్చిన స్కాట్లండు ముత్తాత: ఆయన తోబుట్టువుల ఆచూకీ ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న (విజయనగరం నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ తండ్రిగారు స్కాట్లండులోని డండీ నగరం నుంచి నెల్లిమర్ల జూట్ మిల్లుకు యంత్రాల మేస్త్రీగా వచ్చి, ఇక్కడి తెలుగు క్రైస్తవ కుటుంబంలో పెళ్లి చేసుకొని, ఇక్కడే కన్నుమూశారు. మిల్లు కూలీలు ఆయనను ‘ఓగిలి దొర’ అని పిలిచేవారని అమ్మమ్మ చెప్పేది. అదేదో ముద్దుపేరు కాబోలని మేమంతా అనుకుంటూ వచ్చాం.

పోయిన సంక్రాంతికి పాత ఇంటి అటక దులుపుతుంటే రేకు ట్రంకులో ఆయన బైబిలు దొరికింది. మొదటి పేజీ మీద నల్ల సిరాతో ఆయన పూర్తి పేరు, మధ్యలో ‘ఒగిల్వీ’ అన్న మాటతో సహా, రాసి ఉంది. 1896 మార్చిలో పుట్టినట్టు, 1929లో పెళ్లయినట్టు కూడా ఉంది. ఆ పేజీల మధ్య 1934 నాటి ఉత్తరం ఒకటి ఉంది. న్యూజిలండులోని డునెడిన్ నుంచి ఆయన అక్క రాసినది. అమ్మ పోయిందనీ, తమ్ముడు కెనడాలో హామిల్టన్ ఉక్కు కర్మాగారంలో కుదురుకున్నాడనీ రాసి, చివర ‘జెస్సీ’ అని మాత్రం సంతకం చేసింది. కవరు లేదు కనుక ఆమె అత్తవారి ఇంటిపేరు తెలియడం లేదు.

మా ముత్తాత ఇంటిపేరు ఇక్కడ రాయడం లేదు గానీ, మన జిల్లాలో అప్పలనాయుడు అన్న పేరు ఎంత మామూలో ఆ దేశంలో అది అంత మామూలట. ఒక వెబ్‌సైటుకు డబ్బు కడితే అది చూపిన వంశవృక్షంలో మా ముత్తాత 1903లో గ్లాస్గోలో చనిపోయి ఉన్నారు. ఇక్కడి చర్చి రిజిస్టర్లను అడిగితే చెదలు తినగా మిగిలిన నాలుగు అట్టలు చూపించారు. జెస్సీ గారి సంతతి, ఆ తమ్ముడి సంతతి ఎక్కడైనా ఉంటే తెలుసుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు (శ్రీకాకుళం నుంచి)

ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్లు అబర్డీన్‌లో ఉన్నాను. మా ఇంటి యజమానురాలికి ఈ వంశవృక్షాల పిచ్చి బాగా ఉండేది. ఆవిడ పక్కన కూర్చొని నేర్చుకున్నది చెబుతాను.

మీరు ముద్దుపేరు అనుకున్నదే మీకు దొరికిన అసలు ఆధారం. తల్లి పుట్టింటి పేరునో, నాయనమ్మ పుట్టింటి పేరునో బిడ్డకు మధ్య పేరుగా పెట్టడం స్కాట్లండులో బాగా ఉన్న ఆచారం. పైగా ఒగిల్వీ అనేది డండీ ఉన్న ఆంగస్ ప్రాంతపు పాత ఇంటిపేరు. మన ఇళ్లలో పెద్ద కొడుక్కి తాత పేరు పెట్టినట్టే వాళ్లకూ ఒక వరస ఉంది. పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, మూడోవాడికి సొంత తండ్రి పేరు. పెద్ద కూతురికి అమ్మమ్మ పేరు, రెండో ఆమెకు నాయనమ్మ పేరు. అందరూ దీన్ని పాటించారని కాదు, కానీ ఒకే పేరుతో పదిమంది కనిపించినప్పుడు వీరిలో మనవాడెవడో తేల్చుకోవడానికి పనికివస్తుంది.

ఇప్పుడు రికార్డుల సంగతి. స్కాట్లండులో జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. అంతకు ముందువి చర్చి పారిష్ రిజిస్టర్లు. అవన్నీ ‘స్కాట్లండ్స్ పీపుల్’ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నాయి. వెతకడం ఉచితం. అసలు పేజీ చూడాలంటే మాత్రం 6 క్రెడిట్లు, అంటే ఒకటిన్నర పౌండు. నూరేళ్లు దాటిన జననాలు, 75 ఏళ్లు దాటిన వివాహాలు, 50 ఏళ్లు దాటిన మరణాలు ఇంటి నుంచే చూడవచ్చు కనుక, 1896 నాటి నమోదుకు మీకు అడ్డేమీ లేదు.

అక్కడి జనన నమోదు ఎంత ఉదారమైనదో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. తల్లి పుట్టింటి పేరు, తల్లిదండ్రుల పెళ్లి ఎప్పుడు ఎక్కడ జరిగిందన్న సంగతి, చివరకు బిడ్డ పుట్టిన గంట కూడా అందులో ఉంటాయి. కావాలంటే మీ ముత్తాతకు జాతకం రాయించుకోవచ్చు. ఆ పెళ్లి తేదీ పట్టుకొని వివాహ నమోదు తీస్తే, వధూవరుల తల్లిదండ్రుల పేర్లు, ఇద్దరు తల్లుల పుట్టింటి పేర్లతో సహా, బయటపడతాయి. అంటే మూడు పౌండ్ల ఖర్చుతో రెండు తరాలు వెనక్కి వెళతారు. ఆ తరువాత 1901, 1911 జనాభా లెక్కలు చూడండి. ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో పేరు, వయసు, వృత్తి, పుట్టిన ఊరుతో సహా ఉంటుంది. 1911 లెక్కల్లో తల్లికి ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికి ఉన్నారు అని కూడా అడిగారు కనుక, మీరు లెక్కపెట్టిన తోబుట్టువుల సంఖ్య సరిపోయిందో లేదో అక్కడ తేలుతుంది.

ఇంకొక్క మాట. ‘జెస్సీ’ అని వెతకకండి. స్కాట్లండులో అది ఎక్కువగా జానెట్ అనే పేరుకు పిలుపు పేరు.

రెండవ జవాబు (విజయనగరం, ప్రస్తుతం ఆక్లండు)

పై వారు చెప్పింది ముందు పూర్తి చేయండి. తల్లి పుట్టింటి పేరు తెలియకుండా విదేశాలకు పోయినవాళ్లను వెతకడం గడ్డివాములో సూది వెతకడమే. ఒక మనిషి సముద్రం దాటాక ఊరు మారుతుంది, స్త్రీ అయితే ఇంటిపేరూ మారుతుంది. మారనిది తల్లి పుట్టింటి పేరు ఒక్కటే.

న్యూజిలండు మరణ నమోదులో 1876 నుంచి చనిపోయినవారి తల్లిదండ్రుల పేర్లు, ఎక్కడ పుట్టారు, ఈ దేశానికి వచ్చి ఎన్నేళ్లయింది అన్న వివరాలు ఉంటాయి. పాత జనన మరణ వివాహాల సూచికను ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. అసలు ప్రతికి మాత్రం రుసుము కట్టాలి. జెస్సీ గారు డునెడిన్‌లో ఉండడం వింతేమీ కాదు. ఆ ఊరిని 1848లో స్థాపించిందే ఫ్రీ చర్చ్ ఆఫ్ స్కాట్లండు వారు, ఆ పేరు కూడా ఎడింబరోకు గేలిక్ పేరు.

నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది పాత పత్రికలను. ఇక్కడి జాతీయ గ్రంథాలయం నడిపే ‘పేపర్స్ పాస్ట్’లో డునెడిన్ దినపత్రికలు ఉచితంగా చదవవచ్చు. అప్పట్లో మరణ ప్రకటన చివర ‘కెనడా పత్రికలు దయచేసి పునర్ముద్రించగలవు’ అన్న వాక్యం చేర్చేవారు. ఆ ఒక్క వాక్యం కనిపిస్తే ఆ కుటుంబపు కొమ్మ ఏ దేశానికి పోయిందో తెలిసిపోయినట్టే. 1934 ఉత్తరంలో తల్లి పోయిందని ఉంది కనుక, ఆ ఏడాది, దాని ముందు ఏడాది డండీ పత్రికల్లోనూ డునెడిన్ పత్రికల్లోనూ ఆమె ప్రకటన వెతకండి. డండీ శ్మశానాల్లోని రాళ్లను కూడా వదలవద్దు. దూరదేశంలో చనిపోయిన కొడుకు పేరును తల్లిదండ్రుల రాయి మీద చెక్కించడం అక్కడి అలవాటు. నెల్లిమర్ల పేరు ఏ రాతి మీదనైనా ఉండవచ్చు.

కెనడా తమ్ముడి విషయంలో, బ్రిటన్ రేవుల నుంచి బయలుదేరిన ఓడల ప్రయాణికుల జాబితాలు 1890 నుంచి 1960 వరకు లండనులోని క్యూ అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. చేరినవారి వైపు జాబితాలు కెనడా జాతీయ గ్రంథాలయం, ఆర్కైవ్స్ వారి వెబ్‌సైటులో 1865 నుంచి 1922 వరకు ఉచితం. 1921 కెనడా జనాభా లెక్కల్లో ఏ సంవత్సరంలో వచ్చారన్న గడి కూడా ఉంది.

మూడవ జవాబు (బొబ్బిలి నుంచి)

నేను మన వైపు సంగతి చెబుతాను. మదరాసు ప్రెసిడెన్సీలోని క్రైస్తవుల, ఎక్కువగా యూరోపియన్ల, వారి సంతతి వారి బాప్టిజం, వివాహం, ఖననం నమోదులకు నకళ్లు లండనుకు పంపేవారు. అవి నేడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఎన్/2 అనే వరుసలో ఉన్నాయి. కాబట్టి ఇక్కడ చెదలు తిన్నదల్లా పోయినట్టు కాదు. బ్రిటిష్ ఇండియా కుటుంబాల సంఘం, ‘ఫిబిస్’ అంటారు, తన సూచికను ఉచితంగా వెతకనిస్తుంది. అయితే విజయనగరం, శ్రీకాకుళం అని కాక, ఆనాటి దొరలు రాసినట్టు విజియానగ్రం, చికకోల్, విజగపటం, బిమ్లిపటం అని వెతకాలి. నేను ఈ చిన్న సంగతి తెలియక ఆరు నెలలు పోగొట్టుకున్నాను.

మీ ముత్తవ్వగారి కుటుంబం ఏ సంఘానిదో ముందు తెలుసుకోండి. మన ప్రాంతంలో కెనడియన్ బాప్టిస్టుల పని ఎక్కువ. బాప్టిస్టులు శిశువులకు బాప్టిజం ఇవ్వరు. మీ అమ్మమ్మగారి శైశవ బాప్టిజం కోసం మీరు వెతుకుతూ ఉంటే, అసలు లేని కాగితం కోసం వెతుకుతున్నారేమో. ఆ మిషను పాత కాగితాలు కెనడాలోని హామిల్టన్‌లో, మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీలో ఉన్నాయి. మీ ముత్తాతగారి తమ్ముడున్న ఊరే కావడం కాకతాళీయం.

మా పెదతాతగారు కళింగపట్నం వైపు నుంచి రంగూన్‌కు పోయి మరి తిరిగి రాలేదు. ఆయన పుట్టిన సంవత్సరం కూడా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పుట్టిన గంట రాసిపెట్టిన దేశం గురించి చదువుతుంటే కొంచెం అసూయగానే ఉంది.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తరువాత)

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒగిల్వీ అన్న పేరుతో కలిపి వెతికితే 1896లో ఒక్కరే దొరికారు. ఉదయం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు, డండీలోని లాకీ ప్రాంతంలో పుట్టారు. తండ్రి జూట్ మిల్లులో మెకానిక్. జననాన్ని నమోదు చేయించింది తల్లి. సంతకం ఉండవలసిన చోట ఒక ఇంటూ గుర్తు, దాని పక్కన ‘ఆమె గుర్తు’ అని రిజిస్ట్రారు చేతిరాత. అది చూపిస్తే మా అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తల్లి పుట్టింటి పేరు ఒగిల్వీ కాదు. 1888 నాటి వివాహ నమోదు తీశాక తేలింది, అది మా ముత్తాతకు నాయనమ్మ అయినావిడ పుట్టింటి పేరు. మొదటి జవాబు రాసిన అయ్యగారు ఆ రెండో సంగతి చెప్పకపోతే నేను తప్పు కుటుంబమని అక్కడే ఆగిపోయేవాణ్ణి. 1901 లెక్కల్లో అక్క పేరు జానెట్ అనే ఉంది. ఇద్దరు తమ్ముళ్లు కూడా ఉన్నారు కనుక, కెనడాకు పోయింది వారిలో ఎవరో ఇంకా తెలియలేదు.

‘పేపర్స్ పాస్ట్’లో 1933 నవంబరు నాటి ఒక ప్రకటన దొరికింది. డండీలో తల్లి మరణించిందని కూతురు వేయించినది. అందులో ఆమె అత్తవారి ఇంటిపేరు ఉంది. ఆ పేరుతో న్యూజిలండు మరణ నమోదు ప్రతికి నిన్న రుసుము కట్టాను. పెద్ద తమ్ముడి పేరుతో మొదలుపెట్టి ఓడల జాబితాలు చూస్తున్నాను. హామిల్టన్ పాత పత్రికలు ఎక్కడ చదవవచ్చో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.