ర్యుకాన్ యాత్ర: వేమోర్క్‌లో ఎంతసేపు ఉండాలన్న దానిపై నా మనవి

సంఘ సభ్యులందరికీ విశాఖపట్నం నుండి నమస్కారం. జూన్ రెండో శనివారం ఆస్లోలో జరిగే మన సంఘం కలయికకు మరునాడు నార్వేలోని ర్యుకాన్ అనే ఊరికి వెళ్లడానికి నిన్న రాత్రి వరకు 41 మంది పేర్లు ఇచ్చారు. వారిలో 19 మంది ఇక్కడి నుండి బయలుదేరుతున్న పెద్దలు. చాలామంది మాచ్‌ఖండ్, సీలేరు జలవిద్యుత్ కేంద్రాలలో ఉద్యోగం చేసి, పదవీ విరమణ తరువాత సీతమ్మధార, ఎంవీపీ కాలనీ వైపు స్థిరపడినవారు. మొన్న పంపిన ముసాయిదాలో గౌస్టా కొండ లోపలి రైలుకు రెండున్నర గంటలు, వేమోర్క్ విద్యుత్ కేంద్రానికి 45 నిమిషాలు కేటాయించారు. ఈ లెక్కను తిరగవేయాలని నా మనవి.

వేమోర్క్ 1911లో పని మొదలుపెట్టేనాటికి ప్రపంచంలోకెల్లా పెద్ద జలవిద్యుత్ కేంద్రం. 10 యంత్రాలు, 108 మెగావాట్లు. ఎగువన మోస్‌వాట్న్ జలాశయంలో నిలిపిన నీటిని కొండలో తొలిచిన సొరంగం గుండా తెచ్చి, 11 ఉక్కు గొట్టాలలో సుమారు 300 మీటర్లు కిందికి వదిలారు. మన మాచ్‌ఖండ్‌లో 1955 నుండి 6 యూనిట్లతో మొదలైన స్థాపిత సామర్థ్యం 114.75 మెగావాట్లు. అక్కడ 104 మీటర్ల ర్యుకాన్ జలపాతం, ఇక్కడ డుడుమ. నలభై నాలుగేళ్ల తేడాతో, రెండు ఖండాలలో, దాదాపు ఒకే పరిమాణం గల పని జరిగింది. మాచ్‌ఖండ్‌లో షిఫ్టులు చేసిన చేతులు ఆ యంత్రాల హాలులో 45 నిమిషాలు తిరిగి వెనక్కి రావడం న్యాయం కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాన్నగారు నన్ను వించ్‌లో (కొండవాలు మీద తీగతో లాగే బండిలో) కూర్చోబెట్టుకుని మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌కు తీసుకువెళ్లారు. కిందికి దిగాక, గోడ దగ్గర ఉన్న గొట్టం మీద నా అరచేతిని పెట్టించారు. చెమ్మగా, చల్లగా ఉన్న ఆ ఇనుము సన్నగా అదురుతూ ఉంది. "మన ఊళ్లో వీధి దీపం వెలిగేది ఈ అదురుతోనే" అన్నారాయన. ఆయన ఇప్పుడు లేరు. ఆయనతో పాటు పనిచేసిన ఇద్దరు మాత్రం ఈ 19 మందిలో ఉన్నారు.

అయితే ర్యుకాన్‌కూ మనకూ ఒక పెద్ద తేడా ఉంది, దానిని చూపించగలిగితేనే ఈ యాత్రకు అర్థం. మాచ్‌ఖండ్ కరెంటు కొండలు దాటి తీగల మీద విశాఖకు వచ్చింది. అంత విద్యుత్తును దూరం పంపడం ఆ రోజుల్లో కష్టం, ఖర్చు కాబట్టి నార్వేలో కర్మాగారాన్నీ, దాని వెంట ఊరినీ జలపాతం దగ్గరికే తీసుకువెళ్లారు. కొద్దిపాటి పొలాలు తప్ప ఏమీ లేని లోయలో ఇళ్లు, బడులు, రైలు మార్గం అన్నీ కొద్ది సంవత్సరాలలో లేచాయి. ఇంజనీరు సామ్ ఐడే, భౌతిక శాస్త్రవేత్త బిర్కెలాండ్ కలిసి రూపొందించిన పద్ధతిలో విద్యుత్ చాపం (మెరుపులా మండే విద్యుత్ జ్వాల) గుండా గాలిని పంపి, నత్రజనిని ఆమ్లజనితో కలిపి, నత్రికామ్లం చేసి, దానిని సున్నపురాయితో చేర్చి కాల్షియం నైట్రేట్ ఎరువు తయారుచేశారు. గాలి, నీరు, రాయి నుండి పొలానికి బలం తీసిన ఊరు అది. ఎరువుల కర్మాగారం పొగగొట్టాలు చూస్తూ పెరిగిన విశాఖవాసులకు ఇది కొత్త కథ కాదు. ఆ ఊరినీ నోటోడెన్ అనే మరో పారిశ్రామిక పట్టణాన్నీ కలిపి 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక రెండో ప్రపంచయుద్ధ కాలపు విషయం. వేమోర్క్ అనగానే 1943 ఫిబ్రవరి 27 రాత్రి జరిగిన దాడి గురించే అడుగుతారు. ఎరువుకు కావలసిన హైడ్రోజన్ కోసం నీటిని విడగొట్టేటప్పుడు భారజలం (మామూలు నీటికన్నా బరువైన, అణు ప్రయోగాలకు పనికొచ్చే నీరు) కొద్దికొద్దిగా పోగుపడేది, 1934 నుండి దానిని అక్కడ వేరుచేసేవారు. జర్మన్లు దానితో అణ్వాయుధం చేస్తారన్న భయంతో నార్వే యువకులు కాపలా ఉన్న వంతెనను వదిలి, మంచుతో నిండిన లోయలోకి దిగి, అవతలి గట్టు ఎక్కి, ఒక్క తుపాకీ గుండు పేలకుండా ఆ పరికరాలను పేల్చి బయటపడ్డారు. మణుగూరు భారజల కర్మాగారం తెలిసినవారికి ఇందులో ఆసక్తి ఎక్కువే ఉంటుంది. కానీ మిగిలిన భారజలాన్ని తరలిస్తున్న హైడ్రో అనే ఓడను 1944 ఫిబ్రవరి 20న టిన్ సరస్సులో ముంచినప్పుడు 18 మంది చనిపోయారు, వారిలో 14 మంది నార్వేవారే. ఆ ఒడ్డున రైలు పెట్టెలను సరస్సు దాటించిన అమ్మోనియా అనే పాత ఓడను మేల్ రేవులో ఇప్పటికీ భద్రపరిచారు. తిరుగు ప్రయాణంలో అక్కడ బస్సు ఆపి ఒక నిమిషం మౌనం పాటించాలని నా కోరిక.

నడక గురించి కచ్చితంగా మాట్లాడుకోవాలి. బస్సు వేలాడే వంతెనకు ఇవతలే ఆగుతుంది. వంతెన దాటి ఎక్కుడు దారిలో నడవాలి. కిందటి యాత్రలో మరో ఊళ్లో మమ్మల్ని వాకిట్లో దింపి బస్సు వెళ్లిపోయింది, వాహనం మాట్లాడుకోకపోవడం వల్ల మోకాళ్ల నొప్పులున్న పిన్నిగారు ఒకరు రాతిమెట్ల మీదే రెండు గంటలు కూర్చున్నారు. ఈసారి అలా జరగకూడదు.

ఆస్లో నుండి, రవాణా బాధ్యురాలి సమాధానం

బాబాయి గారికి నమస్కారం. మీ మనవి చదివాక ముసాయిదాలో పొరపాటు నాదేనని ఒప్పుకుంటున్నాను. పిల్లలు గౌస్టా రైలు అడిగారని ఆ సమయం ఇచ్చాను. దానిని పూర్తిగా వదిలేసి, ఊళ్లోనే ఉన్న క్రోసోబానెన్ తీగబండి ఎక్కిద్దాం. చలికాలంలో లోయకు ఎండ అందదు కాబట్టి, జనం పైకెళ్లి సూర్యుణ్ణి చూడాలని ఎరువుల కంపెనీవారు 1928లో దానిని ఊరికి కానుకగా కట్టించారు. ఒక బండి ఎరుపు, ఒకటి నీలం, ప్రయాణం కొద్ది నిమిషాలే. ఊరి నడిమి కూడలిలోకి ఎండను మళ్లించడానికి 2013లో కొండ మీద పెట్టిన మూడు అద్దాలను కూడా పిల్లలకు కింద నుండే చూపించవచ్చు, జూన్‌లో వాటి అవసరం ఉండదు కాబట్టి అవి పనిచేయడం చూడలేకపోవచ్చు. వంతెన నుండి పైకి పెద్దలను చేర్చే వాహనం కోసం మ్యూజియంవారికి ఈరోజే రాస్తాను. ఆస్లో నుండి దారి సుమారు 180 కిలోమీటర్లు, ఉదయం ఆరున్నరకే బయలుదేరాలి.

ఎంవీపీ కాలనీ నుండి, భోజనాల బాధ్యురాలు

అన్నయ్యగారూ, శనివారం రాత్రే పులిహోర కలిపి ఉంచుతాము, దద్దోజనం ఆదివారం తెల్లవారుజామున చేస్తాము. మధుమేహం ఉన్నవారి పేర్లు గురువారంలోగా చెబితే వారికి చపాతీలు విడిగా కడతాము. లోయలో చల్లగా ఉంటుంది కనుక పెద్దలందరూ స్వెట్టరు, మంకీ క్యాపు పెట్టెలో కాకుండా చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

నా సమాధానం

అమ్మాయీ, పొరపాటు అనుకోవద్దు, పిల్లల కోరిక కూడా సబబైనదే. అయితే వేమోర్క్‌కు మూడు గంటలు ఖాయం చేస్తున్నాను. యంత్రాల హాలులో మొదటి గంట మాచ్‌ఖండ్ పెద్దలు తమకు తెలిసిన పనిని పిల్లలకు చెబుతారు, మిగతా సమయంలో భారజలం గది, పైన గొట్టాల వరుస చూద్దాం. మెషీన్ల ముందు ఎవరెవరు ఏ భాగం వివరిస్తారో రేపు సాయంత్రం ఫోన్‌లో మాట్లాడుకుందాం. నడవలేనివారి జాబితా నా దగ్గర ఉంది, అందులో ప్రస్తుతం ఏడుగురు ఉన్నారు. ఇంకా ఎవరైనా చేరాలంటే మొహమాటపడకుండా శుక్రవారంలోగా చెప్పండి.